పేగు కుదురుకోవడం లేదు, ఆముదం పట్టమంటున్నారు

కోనసీమ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. చాలా శ్రద్ధగా, వివరంగా రాశారు. సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె నాన్నగారికి 64 ఏళ్ళు. కొబ్బరితోట, కొద్దిపాటి వరి చేను సొంతంగా చూసుకునే మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుండటంతో పరీక్ష చేయించారు. రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. కారణం వెతుకుతూ కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగు కుడి భాగంలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. కాకినాడలో ఒక ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్యసేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కింద ఆపరేషన్ జరిగింది. పొట్ట తెరిచి, పెద్దపేగు కుడి భాగాన్నీ దాన్ని ఆనుకుని ఉన్న చిన్నపేగు చివరి ముక్కనూ తీసేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టారు. ఆ తర్వాత ఐదు రోజులు గ్యాస్ పోలేదు. పొట్ట ఉబ్బిపోతే ముక్కులోంచి గొట్టం వేసి పసరు బయటికి తీశారు. ఆరో రోజు గ్యాస్ పోయింది, మర్నాడు విరేచనమైంది, పదో రోజు ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో ఆహారం గురించి ఉన్నది ఒక్క మాట: ‘మెత్తని ఆహారం’.

ఇంటికి వచ్చి పన్నెండు రోజులైంది. రెండు మూడు రోజులు అసలు విరేచనం కాదు. తర్వాత ఒక్కరోజే నాలుగైదు సార్లు పసుపుపచ్చగా, నీళ్ళగా, మంటతో అవుతుంది. సాయంత్రానికి పొట్ట ఉబ్బుతుంది, కానీ గ్యాస్ పోతోంది. వాంతులు లేవు, జ్వరం లేదు. నొప్పికి ట్రమడాల్ కలిసిన మాత్ర రోజుకు మూడుసార్లు, రక్తం పట్టడానికి ఐరన్ మాత్ర వాడుతున్నారు.

ఇంట్లో తలా ఒక మాట. అమ్మగారు జావ, చారన్నం తప్ప మరేమీ పెట్టడం లేదు. పప్పు, గుడ్డు, చేప పెడితే కుట్లు చీము పడతాయని ఆమె భయం. మేనత్త ఆముదం సీసా తెచ్చి, లోపల పాత మలం ఉండిపోయింది, ఒక్కసారి కడిగేస్తే సరిపోతుందంటున్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఎనీమా ఇస్తానంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య రోజూ ఫోను చేసి మొలకలు, పచ్చి కూరగాయలు, పీచు పదార్థాలు పెట్టమంటున్నారు. నాన్నగారు మంచం దిగడం లేదు. ఒక సాయంత్రం ఇచ్చిన పాలను ఆయన కిటికీలోంచి మందార చెట్టు మొదట్లో పారబోయడం మా పాఠకురాలు చూశారు. గట్టిగా అడిగితే, రాత్రిపూట పెరట్లోకి పరుగెత్తాల్సి వస్తుందని నాలుగు దాటాక ఏమీ పుచ్చుకోవడం లేదని ఒప్పుకున్నారట.

ఆమె రాజమండ్రిలో ఉపాధ్యాయురాలు. సెలవు అయిపోవస్తోంది. ఐదు రోజులు పేగు కదలకపోవడం ఆపరేషన్‌లో లోపమా? ఇప్పుడు జరుగుతున్నది మామూలేనా? ఆముదం పట్టవచ్చా? ఎవరి మాట ప్రకారం తిండి పెట్టాలి? నాన్నను తనతో తీసుకువెళ్ళాలా, అక్కడే ఉంచాలా? చివర్లో చిన్న అక్షరాలతో ఇంకొకటి: ఆయన తోటకు వెళ్ళాలని ఉందంటున్నారు, పంపవచ్చా?

అమ్మా,

మీరు రాసినదాన్ని బట్టి ఈ పూటే ఆసుపత్రికి పరుగెత్తవలసిన లక్షణం ఏదీ నాకు కనిపించలేదు. గ్యాస్ పోతోంది, వాంతులు లేవు, జ్వరం లేదు. ఈ మూడూ మంచి కబుర్లే. అయితే నేను ఆయన పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు. పైగా మీ ఉత్తరం నాకు చేరి, నా జవాబు మీకు అందేలోపు పరిస్థితి మారి ఉండవచ్చు. అందుకే మిగతా విషయాలకన్నా ముందు, ఎప్పుడు ఆగకూడదో చెబుతాను.

పొట్ట గట్టిగా ఉబ్బి గ్యాస్ కూడా పోవడం మానేస్తే, పసరు వాంతులైతే, మెలిపెట్టే నొప్పి అలలుగా వచ్చిపోతుంటే పేగు ఎక్కడో అడ్డుపడిందని అనుమానించాలి. పొట్ట ఆపరేషన్ అయినవారికి లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కుని ఇలా కావచ్చు. చలితో జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి, కదలకుండా పడుకున్నా నాడి నిమిషానికి వంద దాటడం, గాయంలోంచి చీముగానీ మలం వాసన వేసే నీరుగానీ రావడం ఉంటే పేగు కలిపిన చోట కుట్టు తెరుచుకుని ఉండవచ్చు. ఈ ప్రమాదం ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే ఉంటుంది, మీరు ఆ గడువు దాటారు. అయినా ఆ లక్షణాలు కనిపిస్తే రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా కాలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమో చూడాలి. విరేచనంలో ఎర్రని రక్తం కనిపించినా, తారులా జిగటగా నల్లగా అయినా వెంటనే ఆసుపత్రిలో చూపించాలి. ఐరన్ మాత్ర వల్ల విరేచనం నల్లబడటం మామూలే కానీ, అది తారులా అంటుకోదు, అంత దుర్వాసన రాదు.

ఇలాంటి రాత్రి వస్తే 108కి ఫోను చేయండి. వీలైనంతవరకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకువెళ్ళండి, లోపల ఏది ఎక్కడ కలిపారో వాళ్ళకే తెలుసు. యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్ళాలా, రావులపాలెం వైపు నుంచి వెళ్ళాలా, కారు ఎవరిది, డ్రైవరు ఎవరు అన్నది ఇప్పుడే అనుకుని ఉంచండి. అర్ధరాత్రి వానలో తేల్చుకునే విషయం కాదిది. డిశ్చార్జి కాగితాలు, ఆధార్, మందుల చీటీ ఒకే సంచిలో పెట్టి తలుపు వెనక తగిలించండి.

ఇక మీ మనసును ఎక్కువగా తొలుస్తున్న ఐదు రోజుల సంగతి. పొట్ట తెరిచి పేగును చేత్తో పట్టుకున్న ప్రతి ఆపరేషన్ తర్వాతా పేగు కొంతకాలం కదలడం మానేస్తుంది. చిన్నపేగు ఒక రోజులోనే తేరుకుంటుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. మీ డెల్టా మనిషికి ఇది సులువుగా అర్థమవుతుంది. వేసవిలో కట్టేసిన కాలువలకు ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలిన రోజే శివారు చేలకు నీరు అందదు కదా. మధ్యలో తూడు పేరుకుంటే ఇంకా ఆలస్యమవుతుంది. పేగు విషయంలో ఆ అడ్డంకులు నాలుగైదు ఉన్నాయి. చేత్తో తాకినందుకు పేగు గోడలోని కండరం వాస్తుంది. శరీరం ఆపదలో ఉన్నప్పుడు పనిచేసే నరాలు పేగును ఆపి ఉంచుతాయి. మార్ఫిన్ జాతి నొప్పి మందులు పేగు గోడలోని గ్రాహకాలకు నేరుగా అంటుకుని కదలికను అణచివేస్తాయి. సెలైన్ ఎక్కువగా ఎక్కితే పేగు గోడ నీరు పట్టి ఉబ్బుతుంది. రక్తంలో పొటాషియం తగ్గితే కండరానికి బలం చాలదు. మీ నాన్నగారు రక్తహీనతతో ఆపరేషన్‌కు వెళ్ళారు, పైగా పొట్ట పెద్దగా తెరిచిన ఆపరేషన్. అలాంటివారిలో పేగు నాలుగైదు రోజులు బిగుసుకుని ఉండటం తరచుగా చూసేదే. దాన్ని బట్టి సర్జన్ చెయ్యి మంచిది కాదని చెప్పలేం. గొట్టం వేసి పసరు తీయడం కూడా ఆ సమయంలో చేయవలసిన పనే. పొట్ట ఉబ్బి వాంతికి వస్తున్న మనిషికి గొట్టం వేయకపోతే పసరు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది.

కాబట్టి ఆ ఐదు రోజుల కోసం ఎవరితోనూ తగవు పెట్టుకోనక్కరలేదు. తగవు పెట్టుకోవలసింది ఆ ‘మెత్తని ఆహారం’ అనే ఒక్క మాటతో. పేగులో కొంత భాగం తీసేసిన మనిషిని ఆ రెండు పదాలతో ఇంటికి పంపితే, మిగతాదంతా మేనత్తలు, ఆర్‌ఎంపీలు పూరిస్తారు. రివ్యూకి వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో డైటీషియన్ ఉంటే కలవాలని అడగండి. అది మీ హక్కు.

ఇప్పుడు జరుగుతున్నదానికి వద్దాం. రెండు రోజులు బిగుసుకోవడం, ఒకరోజు వరదలా పోవడం అని రాశారు. నా అనుమానం ఏమిటంటే, ఇక్కడ ఒకదానికొకటి ఎదురు లాగే రెండు కారణాలు పనిచేస్తున్నాయి.

బిగించేవి: ట్రమడాల్, ఐరన్, చాలీచాలని తిండి, మంచం. ట్రమడాల్ మార్ఫిన్ కోవకే చెందింది, పేగును నిదానింపజేస్తుంది. ఆపరేషన్ అయి మూడు వారాలు దాటాక రోజుకు మూడు మాత్రలు ఇంకా అవసరమా అన్నది సర్జన్‌ను ఫోనులోనైనా అడగవలసిన మొదటి ప్రశ్న. చాలామందికి ఈపాటికి పారాసెటమాల్ సరిపోతుంది. మార్చుకుంటే పేగు తేలికపడుతుంది, కానీ మొదటి రెండు మూడు రోజులు నొప్పి కొంచెం ఎక్కువగా తెలియవచ్చు. మార్చుకోకపోతే నొప్పి తెలియదు, ఉబ్బరం మాత్రం అలాగే ఉంటుంది. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. వారాల తరబడి వాడిన మనిషికి హఠాత్తుగా మానిపిస్తే చెమటలు, అలజడి, నిద్రపట్టకపోవడం రావచ్చు. మెల్లగా తగ్గించే వరస డాక్టరు చెబుతారు. ఐరన్ సంగతి కూడా అప్పుడే అడగండి: రోజు విడిచి రోజు వేసుకోవచ్చా, లేక నరానికి ఎక్కించే ఐరన్ ఇవ్వడం మేలా అని. రక్తం తక్కువగా ఉన్న మనిషికి ఐరన్ పూర్తిగా మానిపించడం సరికాదు.

వదులు చేసేవి: తీసేసిన పేగు చేసే పనులు. చిన్నపేగు పెద్దపేగును కలిసే చోట ఒక కవాటం ఉంటుంది, సరుకు ఒక్కసారిగా దొర్లిపోకుండా ఆపేది అదే. ఈ ఆపరేషన్‌లో అది పోతుంది. నీటిని పీల్చుకునే పెద్దపేగు పొడవు తగ్గుతుంది. ఇంకొకటి, పైత్యరసంలోని ఆమ్లాలను తిరిగి పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగమే. అది పోయినప్పుడు ఆ ఆమ్లాలు పెద్దపేగులోకి జారి, నీరు ఊరేలా చేసి, మంటతో పసుపుపచ్చని విరేచనం తెప్పిస్తాయి. నూనె ఎక్కువైన పూట ఇది పెరుగుతుందేమో గమనించండి. మిగిలిన పేగు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఆ పనిని చాలావరకు నేర్చుకుంటుంది. తగ్గకపోతే పైత్య ఆమ్లాలను పట్టి ఉంచే కొలెస్టైరమిన్ పొడి ఉంది, చాలామందికి బాగా పనిచేస్తుంది. దాన్ని ఇతర మాత్రలతో కలిపి వేసుకోకూడదు, వాటిని పీల్చుకోనివ్వదు. ఇలా చిన్నపేగు చివరి భాగం ఎక్కువగా పోయినవారికి ముందుముందు బి12 తగ్గే అవకాశం ఉంది. ఎంత పొడవు తీశారో అడిగి, అవసరమైతే ఆ పరీక్ష చేయించండి.

నీళ్ళ విరేచనాలు బిగుసుకునే రోజులే లేకుండా వరసగా సాగితే, అందులో జ్వరం కూడా కలిస్తే మాత్రం మలపరీక్ష చేయించాలి. ఆసుపత్రిలో వాడిన యాంటీబయాటిక్‌ల తర్వాత పేగులో ఒక రకం ఇన్‌ఫెక్షన్ వస్తుంది. అప్పుడు విరేచనాలు కట్టే మాత్ర వేస్తే హాని. అందుకే మందుల షాపులో అడిగి ఆ మాత్ర కొనకండి.

ఇప్పుడు ఆముదం. మీ మేనత్తగారి మీద నాకు గౌరవమే. తమ్ముడో అన్నో, తోడబుట్టినవాడు బాధపడుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోలేక తెచ్చిన సీసా అది. కానీ పట్టవద్దు. ఆముదం పేగుకు బలం ఇవ్వదు, కొరడాతో కొట్టినట్టు ముడుచుకునేలా చేస్తుంది. పేగు ఎక్కడైనా అతుక్కుని ఇరుకై ఉంటే ఆ అడ్డం మీద ఒత్తిడి పెరుగుతుంది. అడ్డం లేకపోతే మీరు ఇప్పటికే రాసిన ఆ నాలుగైదు విరేచనాల రోజు పదిహేను విరేచనాల రోజవుతుంది. ఒంట్లో నీరు, పొటాషియం కొట్టుకుపోతాయి. పొటాషియం తగ్గిన పేగు మళ్ళీ బిగుసుకుంటుంది. బయలుదేరిన చోటికే వస్తారు, ఇంకాస్త నీరసంతో. లోపల పాత మలం ఉండిపోయిందన్న మాటకు ఆధారం లేదు, మధ్యమధ్య అన్ని విరేచనాలు అవుతున్నాయి కదా. ఎనీమా కూడా అంతే. పేగు కలిపి మూడు వారాలే అయిన మనిషికి, సర్జన్ చెప్పకుండా, ఊళ్ళో ఎవరో కింది నుంచి ఒత్తిడితో నీరు ఎక్కించడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. మూడో రోజు కూడా కాకపోతే, గ్యాస్ పోతూ వాంతి లేకపోతే, లాక్టులోజ్ సిరప్పో, నీళ్ళలో కలిపే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడో కొద్ది మోతాదులో ఇవ్వవచ్చా అని డాక్టరును అడగండి. రెండూ మలంలో నీటిని నిలిపి మెత్తబరుస్తాయి. లాక్టులోజ్ కొందరికి ఉబ్బరం పెంచుతుంది, పొడి ఆ విషయంలో కాస్త నయం.

మేనత్తగారితో ‘నువ్వు చెప్పింది తప్పు’ అనకండి. ఆ సీసాతోనే ఆవిడను ఒక పనికి పెట్టవచ్చు. నాన్నగారి పాదాలకు రోజూ ఆముదం మెల్లగా రాయమనండి. పిక్కలు మాత్రం నలపకూడదు, మంచం మీద ఉన్న మనిషి కాలి సిరలో బయటికి తెలియని రక్తపు గడ్డ ఉంటే కదిలిపోవచ్చు. ఆవిడకూ తోడబుట్టినవాడికి సేవ చేశానన్న తృప్తి ఉంటుంది.

తిండి విషయంలో అమ్మగారిని తప్పు పట్టకండి. ఒక తరం కిందటి వరకు వైద్యులు కూడా గ్యాస్ పోయేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ఇచ్చేవారు కాదు. పేగుకు విశ్రాంతి అనేవారు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్, ఆయన బృందం ఈ పద్ధతిని ప్రశ్నించారు. ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే కొద్దికొద్దిగా తినిపించడం, నడిపించడం, మార్ఫిన్ తగ్గించడం, అనవసరపు గొట్టాలు తీసేయడం అన్నీ కలిపి చేస్తే రోగి త్వరగా కోలుకుంటాడని చూపించారు. ఈ రోజు ప్రపంచమంతా పాటిస్తున్న పద్ధతికి పునాది అదే. పేగుకు పని చెప్పేది తిండే. నోట్లో నమిలినప్పుడే నరాల ద్వారా పేగుకు కబురు వెళుతుంది. జర్మనీలో 2012లో వెలువడిన ఒక పరిశోధనలో పెద్దపేగు ఆపరేషన్ అయినవారికి రోజుకు మూడుసార్లు కాఫీ ఇస్తే సుమారు 60 గంటలకు మొదటి విరేచనమైంది, నీళ్ళు తాగినవారికి 74 గంటలు పట్టింది. మీ నాన్నగారికి పొద్దున్న కాఫీ అలవాటుంటే ఇవ్వండి. బిగుసుకున్న రోజున అది మేలే చేస్తుంది. నీళ్ళగా అవుతున్న రోజు మానేయండి.

పప్పు, గుడ్డు, చేప తింటే చీము పడుతుందన్నది నిజం కాదు. చీము పట్టేది క్రిముల వల్ల. గాయం మానడానికి, కలిపిన పేగు గట్టిపడటానికి కావలసింది మాంసకృత్తులే. ఇంత పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి ఒంటి బరువులో ప్రతి కిలోకూ రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. మీ నాన్నగారు 55 కిలోలు ఉన్నారనుకుంటే సుమారు 65 నుంచి 80 గ్రాములు. చారన్నంలో, జావలో అందులో కొద్ది భాగమే అందుతుంది. ఒక గుడ్డు 6 గ్రాములు ఇస్తుంది. అరచేయంత కొరమీను ముక్కలు రెండు తింటే రోజు అవసరంలో పెద్ద భాగం తీరిపోతుంది. కారం, నూనె తగ్గించి, పులుసు పల్చగా పెట్టి, ముల్లు తీసి ఇవ్వండి. పెసరపప్పు మెత్తగా ఉడికించి కలిపిన అన్నం, పెరుగన్నం, మజ్జిగ, ఆవిరి ఇడ్లీ, తొక్క తీసి మెత్తగా ఉడికించిన సొరకాయ, బీరకాయ, పొట్లకాయ ఆయనకు ఈ వారాల్లో సరిపడతాయి. పొట్ట పట్టినంత ఒకేసారి పెట్టకుండా ఐదారు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. నీళ్ళగా అయిన రోజు మగ్గిన చక్కెరకేళి, పెరుగన్నం మలాన్ని కాస్త గట్టిపరుస్తాయి.

అన్నయ్య చెప్పే మొలకలు, పచ్చి కూరగాయలు ఆరోగ్యవంతుడికి మంచివే. మీ నాన్నగారి పేగుకు ఇంకా వాటి సమయం రాలేదు. కలిపిన చోట వాపు ఉండగా గట్టి పీచు వెళితే ఉబ్బరం, కొన్నిసార్లు అడ్డుపడటం కూడా జరుగుతుంది. మీ ప్రాంతంలో ముఖ్యంగా తేగలు, పనసపొట్టు కూర, పచ్చికొబ్బరి ముక్కలు, మునక్కాడ పిప్పి, తోటకూర కాడలు కొన్ని వారాలు దూరంగా ఉంచండి. ఆ తర్వాత ఒక్కొక్కటిగా, రెండు మూడు రోజుల ఎడంతో మొదలుపెట్టి చూడండి. చివరికి అన్నీ తినగలుగుతారు.

కొబ్బరినీళ్ళకు మీకు కొదవ లేదు. అందులో పొటాషియం దండిగా ఉంది, సోడియం తక్కువ. కాబట్టి నీళ్ళ విరేచనాల రోజున వాటి మీదే ఆధారపడకుండా ఓఆర్‌ఎస్ కూడా ఇవ్వండి. కిడ్నీ జబ్బుగానీ, బీపీకి పొటాషియం నిలిపే మాత్రగానీ ఉంటే ముందు డాక్టరును అడగాలి.

అన్నట్టు ఆ పాలు. పేగు ఆపరేషన్ తర్వాత కొంతకాలం పాలలోని చక్కెర అరగడం కష్టం కావచ్చు, సాయంత్రపు ఉబ్బరానికి అదీ ఒక కారణమై ఉండవచ్చు. పది రోజులు పాలు మానేసి పెరుగు ఇచ్చి చూడండి. మందార చెట్టుకు పోసినందుకు ఆయన్ను మందలించకండి. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఆ కిటికీ సంగతే. ఆపరేషన్ కన్నా, మందుల కన్నా ఇప్పుడు ఆయన కోలుకోవడాన్ని అడ్డుకుంటున్నది రాత్రి పెరట్లోకి వెళ్ళే దారి. చీకట్లో తడి నేల, కింద కూర్చునే దొడ్డి, కూర్చుంటే కుట్టు లాగడం, ఆలోపే బట్టలు పాడవుతాయన్న భయం, అది కూతురో కోడలో ఉతకాలన్న సిగ్గు. జీవితమంతా ఎవరి చేతా పని చేయించుకోని మనిషి తిండి మానేసి ఆ అవమానాన్ని తప్పించుకుంటున్నారు.

దీనికి దారులున్నాయి. పట్టణంలో మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో మధ్యలో రంధ్రం, కింద పాత్ర ఉన్న కమోడ్ కుర్చీ దొరుకుతుంది. ఆయన మంచం దగ్గర చీర అడ్డుకట్టి పెట్టవచ్చు. ఖర్చు తక్కువ, రేపే కుదురుతుంది. కానీ పాత్ర శుభ్రం చేసే పని ఎవరిదన్నది ఆయనకు అంగీకారమయ్యేలా తేల్చాలి. నెల రోజులకు ఒక మనిషిని మాట్లాడుకుంటే ఆయన సిగ్గు సగం తగ్గుతుంది. లేదంటే వరండా చివర చిన్న మరుగుదొడ్డి కట్టించవచ్చు. ఖర్చు, సమయం పడతాయి, కానీ ఆయనకు మున్ముందు కూడా పనికొస్తుంది. ఏది చేసినా ముందు ఆయన్ను అడగండి. మీతో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటే మీవారినో, ఆయన ఈడు స్నేహితుడినో మాట్లాడమనండి. పొద్దున్న టిఫిను, కాఫీ అయిన పావుగంట ఇరవై నిమిషాలకు పేగు సహజంగానే కదులుతుంది. ఆ వేళకు, అవసరం అనిపించినా లేకపోయినా, పాదాల కింద చిన్న పీట వేసుకుని కాసేపు కూర్చోమనండి. ముక్కకూడదు. కొన్నాళ్ళకు ఒక వేళ కుదిరితే రాత్రి భయం దానంతట అదే సగం పోతుంది. మంట ఉన్న చోట కాగితంతో రుద్దకుండా నీళ్ళతో కడిగి, మెత్తగా అద్ది, వాసెలిన్ గానీ జింకు క్రీము గానీ రాయాలి.

నడక గురించి ఒక నిజం చెప్పాలి. నడిస్తే పేగు కదులుతుందని అందరం చెబుతాం, కానీ నడక ఒక్కదానితోనే పేగు తొందరగా మేలుకుంటుందని గట్టి రుజువు లేదు. అయినా నడవాల్సిందే. పొట్టలో క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి మంచం మీద ఉండిపోయినవారికి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, తొడ కండరాలు కరిగిపోతాయి. గదిలోంచి వీధి అరుగు వరకు, రోజుకు నాలుగైదు సార్లు, కొద్దికొద్దిగా పెంచుకుంటూ. దగ్గేటప్పుడు, లేచేటప్పుడు పొట్ట మీద తలగడ అదుముకోమనండి.

ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు నేను ఒక్కటే జవాబు చెప్పలేను. మీరు రాజమండ్రి తీసుకువెళితే ఇంట్లోనే మరుగుదొడ్డి, దగ్గరలో ఆసుపత్రులు, తిండి మీ చేతిలో. కానీ మీరు బడికి వెళ్ళాక పగలంతా నాలుగు గోడల మధ్య ఆయన, అల్లుడింట్లో ఉన్నానన్న మొహమాటం, తోటకు దూరం. అమ్మగారు వెంట రాకపోతే అదొక బెంగ. అక్కడే ఉంచితే మనసుకు స్థిమితం, అయితే తిండి మళ్ళీ చారన్నానికి దిగిపోతుంది, ప్రమాద సూచన గుర్తించడం ఆలస్యం కావచ్చు. మూడో దారి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అన్నయ్య వచ్చి రెండు మూడు వారాలు ఉండటం. రోజూ ఫోనులో సలహా ఇచ్చేంత ప్రేమ ఉన్న కొడుకు ఒక్కసారి వచ్చి, నాన్నను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకువెళితే, ఆ పని కూతురు చేసినప్పటికన్నా ఆయనకు తేలికగా ఉండవచ్చు. పని ఒత్తిడి వల్ల రాలేనంటే కమోడ్ కుర్చీ, సహాయకుడి జీతం ఆయన భరించమనండి. నిష్ఠూరం లేకుండా, సూటిగా అడగండి. రాలేడని ముందే మీరు అనుకుంటే అడగకుండానే అంతా మీ నెత్తిన పడుతుంది.

ఇంకో పని ఈ రోజే మొదలుపెట్టండి. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తేదీ గడిలో ఎన్నిసార్లు విరేచనమైంది, నీళ్ళగానా గట్టిగానా, ట్రమడాల్ ఎన్ని వేశారు అన్నది పెన్సిలుతో రాయండి. వారానికి ఒకసారి బరువు. మీరు వెళ్ళిపోయినా అమ్మగారు రాయగలరు. రివ్యూకి వెళ్ళినప్పుడు ఆ కాగితం చించి డాక్టరు ముందు పెట్టండి. గుర్తున్నంత చెప్పడం కన్నా అది చాలా పనికొస్తుంది. ఆ రోజే బయాప్సీ రిపోర్టు చూసి కీమో అవసరమా అన్నది చెబుతారు. అవసరమైతే సాధారణంగా ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు మొదలుపెట్టాలని చూస్తారు. బరువు తగ్గిపోయి, నీరసించి ఉన్న మనిషికి దాన్ని వాయిదా వేయాల్సి వస్తుంది. పథ్యం విషయంలో అమ్మగారికి చెప్పవలసిన మాట ఇదే: ఇప్పుడు తింటేనే తర్వాతి వైద్యాన్ని తట్టుకోగలరు అని. మీ మాట వినకపోతే డాక్టరు నోటే చెప్పించండి, రివ్యూకి ఆమెను కూడా తీసుకువెళ్ళండి.

తోట సంగతి. వెళ్ళనివ్వండి. ఎండ ఎక్కకముందు, పక్కన ఒక మనిషితో, గట్టు మీద కూర్చోవడానికి కుర్చీ తీసుకుని. బోదెలు దాటడం, జారే గట్లు ఎక్కడం వద్దు. ఆపరేషన్ అయిన రోజు నుంచి ఆరు వారాలు నిండేదాకా కొబ్బరి గెల కాదు కదా, నీళ్ళ బిందె కూడా ఎత్తకూడదు. ఎత్తితే కుట్టు దగ్గర పొట్ట గోడ బలహీనపడి హెర్నియా వచ్చే అవకాశం ఉంది. కొబ్బరికాయలు దింపు తీసే రోజు మాత్రం పంపకండి, అక్కడ ఉంటే ఆయన చేతులు కట్టుకుని కూర్చోరు.